ఎముక లేని చెయ్యి

దర్జీల వీధిలో ఎవర్నడిగినా దారాలక్క చేతికి ఎముక లేదనే చెప్పేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె "పోనిద్దురూ, నేనేం పెట్టానని" అని మూతి తిప్పుకునేది గానీ, ఆ పూటంతా ముఖం చేటంత చేసుకుని తిరిగేది. పొగడ్త ఎవరికి చేదు? కాకపోతే ఈమెకు కాస్త ఎక్కువ తీపి. ఆ తీపే కొంప ముంచింది. మునిగిన కొంప ఆమెది అయినా బాగుండేది, ఒకసారి ఏడ్చి ఊరుకునేది.

ఆ వీధంతా కుట్టుపనే. ఒకవైపు పిల్లల ఫ్రాకులు, ఇంకోవైపు పరదాలు, దిండుగలీబులు, బల్లగుడ్డలు. మధ్యలో గుండీల కొట్టు, దాని పక్కన ఎప్పుడూ మూసి ఉండే జిప్పుల కొట్టు. పొద్దున్నే ఊడ్చిన అరుగుల మీద మధ్యాహ్నానికల్లా మళ్ళీ రంగురంగుల గుడ్డముక్కలు పేరుకుపోయేవి. దారాలక్కది ఎంబ్రాయిడరీ పని. ఇంటి ముందుగదిలో సగం మిషనే ఆక్రమించుకుంది. మూతపడ్డ ఫ్యాక్టరీ ఏదో అమ్మేస్తుంటే కొన్నది. వరసగా సూదులు, సూది సూదికీ ఒక రంగు దారం, కింద గుడ్డని బిగించి పట్టుకునే ఫ్రేము. దాన్ని ఇంట్లోకి దింపిన రోజు, బస్సు డ్రైవరైన మొగుడు గుమ్మం తలుపులు ఊడదీయించి, మళ్ళీ బిగించి, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"ఏనుగుని కొన్నావు బాగానే ఉంది పెద్దదానా. మేత ఎక్కణ్ణుంచి తెస్తావు?"

మేత అంటే డిజైన్లు. ఆ రకం మిషను తనంతట తాను ఒక్క ఆకు కూడా కుట్టలేదు. సూది ఎక్కడ దిగాలి, ఎటు నడవాలి, ఏ రంగు ముందు, ఏ రంగు వెనక, దారం ఎక్కడ తెగాలి, ఇవన్నీ ఎవరో ఒకరు ముందే కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒక్కో కుట్టూ పేర్చిపెట్టాలి. అలా పేర్చిందంతా కలిపితే చిన్న ఫైలు. పెన్‌డ్రైవులో తెచ్చి మిషనుకి తగిలిస్తే చాలు, చూస్తుండగానే గుడ్డ మీద పూలు పూస్తాయి. కుట్టేవాళ్ళు వీధి నిండా ఉన్నారు. పేర్చేవాళ్ళు మాత్రం ఊరంతా వెతికినా దొరకరు.

దారాలక్కకి వెతికే పని లేకపోయింది. మరిది పెళ్ళాం, అంటే ఆమె తోటికోడలు, ఆ పనే చేసేది. సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి అరమాట అన్నట్టుండే మనిషి. వీధిలో ఆమెను కంప్యూటరమ్మ అనేవారు. పక్క వీధిలో మొగుడితోనూ అత్తగారితోనూ ఉండేది. రోడ్డు పక్కన మొలిచిన పిచ్చి మొక్క నుంచి ఆకు తుంచుకొచ్చి, గాజు గ్లాసులో నిలబెట్టి, అది వాడిపోయే లోపల దాని ఈనెలన్నీ కాగితం మీదికి దించేసేది. ఆ తర్వాత కంప్యూటర్లో కుట్లు పేర్చడం. ఆకు ఎటు వాలితే కుట్టు కూడా అటే వాలాలంటుంది. లేకపోతే గుడ్డ మీద అది ఆకులా ఉండదట, ఆకుపచ్చ మరకలా ఉంటుందట. అలా చేసినవి దూరపు ఊళ్ళ కొట్లకు అమ్మేది. ఊరికే ఎవరికీ ఇచ్చేది కాదు. దాంతో "పిల్లికి బిచ్చం పెట్టదు" అన్న పేరు వచ్చేసింది. చేసేవాళ్ళు పిసినారులవడం, పంచేవాళ్ళు దాతలవడం లోకంలో కొత్తేమీ కాదు.

ఆమెకు కంప్యూటర్ ఉంది, మిషను లేదు. ఈమెకు మిషను ఉంది, గీయడం రాదు. డిజైను కంప్యూటర్లో ఎంత ముద్దొచ్చినా గుడ్డ మీద కుట్టి చూస్తే గానీ దాని గుణం తెలియదు. అందుకని ప్రతి కొత్త డిజైనునీ తోటికోడలు మొదట అక్క దగ్గరికే తెచ్చేది. పాత దుప్పటి ముక్క ఒకటి ఫ్రేములో బిగించి, మిషను నడిపించి, ఇద్దరూ చెరో ముక్కాలిపీట మీద కూర్చుని చూసేవారు. ఒకసారి బాతు బొమ్మలో ఏదో లెక్క తప్పి సూది అడ్డదిడ్డంగా పరిగెత్తి బాతుకి మీసాలు పెట్టింది. ఆ రోజు ఇద్దరూ నవ్వలేక చచ్చారు. ఎప్పుడూ పెదవి విప్పని మనిషి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. టీ చల్లారిపోతే మళ్ళీ పెట్టుకున్నారు. దారాలక్కకి సొంత చెల్లెళ్ళు లేరు. ఆ మధ్యాహ్నాలే ఆమెకు చెల్లెలు.

అలా నమూనా కుట్టిన డిజైన్లన్నీ ఆమె మిషనులోనే ఉండిపోయేవి. వాటితో ఆమె కుట్టుకున్నా తోటికోడలు ఏమీ అనేది కాదు, ఇంటిమనిషే కదా. చిక్కు అక్కడ కాదు. మొదటిసారి ఫ్రాకుల మాస్టారు వచ్చాడు. ఆయన దగ్గరా చిన్న ఎంబ్రాయిడరీ మిషను ఉంది.

"అక్కా, ఆ చేపల డిజైను ఒక్కటి పారేద్దూ! పిల్లల తల్లులు చంపేస్తున్నారు."

దారాలక్క పారేసింది. పెన్‌డ్రైవు గుచ్చడం, తియ్యడం, అంతేగా. మాస్టారు రెండు చేతులూ జోడించి, "నీలాంటిది వీధికొకరుండాలి" అన్నాడు. మర్నాడు దిండుగలీబులాయన వచ్చాడు. ఆ వారంలోనే గుండీల కొట్టు వాళ్ళ బావమరిది వచ్చాడు, అతనెవరో కూడా ఆమెకు తెలియదు. అందరికీ ఇచ్చింది. ఎవరు ఏ డిజైను కావాలన్నా "దారాలక్కనడుగు" అనేదాకా వచ్చింది వ్యవహారం.

తప్పు అనిపించలేదా అంటే, మొదట్లో కాస్త అనిపించింది. ఆ కాస్తని మాస్టారు చదును చేసేశాడు. "దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దీపానికి ఏం తగ్గిందక్కా? ఆవిడ దగ్గరిది ఆవిడ దగ్గరే ఉందిగా!" దిండుగలీబులాయన ఇంకో అడుగు ముందుకేశాడు. పువ్వుని పూయించింది దేవుడు, చేపని ఈదించింది దేవుడు, ఈవిడ చూసి గీసిందంతేనట. ఇంకొకడు, కొనేవాళ్ళు ఎలాగూ కొంటారు, మనలాంటి కొనలేనివాళ్ళు తీసుకుంటే ఆమెకు పోయిందేముంది అన్నాడు. దారాలక్క ఇవన్నీ విని, నచ్చినవి దగ్గర పెట్టుకుంది. అన్నిటికన్నా ఆమెకు బాగా కుదిరింది తన సొంతదే: అడిగినవాళ్ళకి లేదనడం మా ఇంటా వంటా లేదు.

ఈ సంగతి ఆనోటా ఈనోటా అత్తగారి దాకా వెళ్ళింది. ఆవిడ ముసిముసిగా నవ్వి, "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది" అని ఊరుకుంది. తోటికోడలు కూడా ఒకసారి టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ, "అక్కా, అవి నేను అమ్ముకుంటున్నాను కదా" అంది. అని, అన్నందుకు తనే సిగ్గుపడినట్టు నవ్వింది.

"ఏమే, పరాయివాళ్ళకిచ్చానా? మన మాస్టారేగా!" అంది దారాలక్క. మాట అక్కడితో తెగిపోయింది.

అప్పుడైనా తెలుసుకుని ఉంటే ఎంత బాగుండేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి తోటికోడలికి ఒక దారి దొరికింది. పిల్లల బట్టల పెద్ద కంపెనీ ఒకటి ఆమె పని ఎక్కడో చూసి కబురు చేసింది. పూర్తిగా కొత్త డిజైను, బజారులో ఎక్కడా ఎవరూ చూడనిది చేసి తెమ్మన్నారు. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. ఆమెకంటూ ఒక కుర్చీ, ఒక బల్ల. అన్నిటికీ మించి, ఆ డిజైను వేసిన ప్రతి బట్ట లోపలా లేబుల్ మీద ఆమె పేరు వేస్తారు. ఈ చివరి మాట తోటికోడలు రెండుసార్లు చెప్పింది. ఏళ్ళ తరబడి ఆమె పూలు ఎన్ని ఇళ్ళ పరదాల మీద పూశాయో గానీ, అవి ఎవరివని అడిగినవాడు లేడు.

ఆమె మొదలుపెట్టింది ఒక తీగె. గౌను అంచు దగ్గర పుట్టి, నడుము చుట్టి, భుజం దాకా పాకుతుంది. దాని మీద పిట్టలు. ఏ పిట్టా ఇంకో పిట్టలా ఉండదు. ఒకటి రెక్క దులుపుకుంటూ, ఒకటి పురుగుకోసం తొంగిచూస్తూ, ఒకటి అలిగి వెనక్కి తిరిగి కూర్చుని. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది, చలీ వెళ్ళిపోయింది, తీగె ఇంకా పాకుతూనే ఉంది. అత్తగారు వంట తన మీదేసుకుని, "దాని పిట్టలు ఎగిరేదాకా నాకీ పొయ్యి తప్పదు" అని సణిగేది. సణుగుతూనే వచ్చినవాళ్ళందరికీ చూపించేది కూడా.

నమూనా కుట్టడానికి ఎప్పటిలాగే అక్క దగ్గరికి తెచ్చింది. మిషను నడుస్తుంటే ఇద్దరూ ముక్కాలిపీటలు ముందుకు జరుపుకున్నారు. పిట్టలు ఒక్కొక్కటీ వచ్చి వాలుతుంటే దారాలక్క ఉండబట్టలేక తోటికోడలి భుజం గిల్లింది. కానీ మూడు కొమ్మలు ఒకదాన్నొకటి దాటే చోట టప్‌మని సూది విరిగింది. అక్కడ కుట్టు మీద కుట్టు, దాని మీద ఇంకో కుట్టు పడి గుడ్డ ముడతలుపడి చిరిగింది.

"ఇక్కడ బరువెక్కువైంది. కింది కొమ్మ కుట్లు కొన్ని తీసెయ్యాలి," అంది తోటికోడలు చిరుగుని వేలితో తడుముతూ. "ఇంటికెళ్ళి సరిచేస్తాను. అక్కా, ఇది మాత్రం బయటికి పోకూడదు. వాళ్ళు గట్టిగా చెప్పారు."

"అంటే? నా మీద నమ్మకం లేదా?"

దారాలక్కకి నిజంగానే చివుక్కుమంది. ఆ ముఖం చూసి తోటికోడలు, "అయ్యో, అదేం మాటక్కా," అని తడబడి, పెన్‌డ్రైవు బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది. సరిచేయని ఆ డిజైను మాత్రం మిషనులోనే ఉండిపోయింది.

ఆమె వెళ్ళిన మూడోనాడు పరదాలావిడ వచ్చింది. మంచి మనిషి, ఎవరి జోలికీ పోదు. మొగుడు మంచాన పడ్డాక కొట్టు ఆమె మీదే నడుస్తోంది. కొత్తగా కట్టిన లాడ్జి వాళ్ళు ఒక పరదా కుట్టి చూపించమన్నారట, నచ్చితే గదులన్నిటికీ ఆర్డరు ఆమెకే. ఏం చూపించాలో తోచక వచ్చింది. వస్తూనే మేకుకి వేలాడుతున్న నమూనా ముక్కని చూసి, పిట్టల దగ్గర చెయ్యి పెట్టి, ఏడ్చేసింది.

"అమ్మా, ఇలాంటిది ఒక్కటి చూపిస్తే వాళ్ళింక కాదనరు."

ఏడుస్తున్న మనిషిని చూస్తూ ఊరుకునే గుండె కాదు దారాలక్కది. ఆ పరదా తానే కుట్టిచ్చి ఉంటే, పాడైన చోటు వదిలేసి పిట్టల వరకే కుట్టి పంపించి ఉంటే, ఫైలు గడప దాటేది కాదు. కానీ మిషను మీద ఆమె సొంత ఆర్డరు నడుస్తోంది. స్కూలు వాళ్ళ చొక్కా జేబులు, గుట్ట గుట్టలుగా. వాటిని ఆపితే ఒక రోజు పోతుంది. పెన్‌డ్రైవులో వేసిస్తే క్షణం పోదు.

"ఒక్క పరదాకే. మాస్టారి దగ్గర కుట్టించుకో. కొమ్మలు కలిసే చోటు కొంచెం చూసుకోమను. ఎవరికీ ఇవ్వకు, నా మీద ఒట్టు," అంది.

పరదాలావిడ ఆ ఒట్టుకి ఏ లోటూ చెయ్యలేదు పాపం. ఎవరికీ ఇవ్వలేదు. మాస్టారి మిషనులో పెట్టి కుట్టించుకుంది, అంతే. మాస్టారు ఏ ఒట్టూ పెట్టుకోలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, ఇక చేతిలో పిట్టలు నిలుస్తాయా?

వారం తిరక్కుండానే దారాలక్క సొంత ఫోనుకే వచ్చిపడ్డాయి పిట్టలు. కుట్టుపనివాళ్ళ గ్రూపులో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు, "సరికొత్త డిజైను, అందరికీ ఉచితం, నలుగురికీ పంచండి" అని పెట్టాడు. కింద దండాల మీద దండాలు. దారాలక్క తేలు కుట్టిన దొంగలా ఫోను బోర్లించి పెట్టి జేబులు కుట్టుకుంటూ కూర్చుంది. పోనీలే, దాని దగ్గరిది దాని దగ్గరే ఉందిగా అనుకుంది. అనుకున్నది ఈసారి లోపలికి దిగలేదు.

ఆ తర్వాత దండాలు తిట్లయ్యాయి. ప్రతి ఊళ్ళోనూ ఆ మూడు కొమ్మల దగ్గరే సూదులు విరుగుతున్నాయి, గుడ్డలు చిరుగుతున్నాయి. సంచీలకి సంచీలు ఫ్రాకులు పాడయ్యాయని ఒకడు, పెళ్ళివారి బల్లగుడ్డ నాశనమైందని ఇంకొకడు. చివరికి ఎవరో ఆరా తీసి, ఇది ఫలానా కంప్యూటరమ్మ చేసింది, ఆవిడకి పని రాదు, ఆవిడవి కొని మోసపోకండి అని రాశారు. ఊరికే తీసుకున్నవాళ్ళు కూడా మోసపోయామని ఏడవడం ఈ లోకానికే చెల్లింది.

తోటికోడలు ఇవేవీ చూడలేదు. కొమ్మలు సరిచేసుకుని, ఈసారి నమూనా చేత్తోనే కుట్టుకుని, మంచి బట్టలు కట్టుకుని కంపెనీకి వెళ్ళింది. అక్కడి పెద్దావిడ తీగెని అంచు నుంచి భుజం దాకా వేలితో తడిమి చూసిందట. తర్వాత తన ఫోను తీసి ఆమె ముందు పెట్టిందట. అదే తీగె, అవే పిట్టలు, కింద చిరిగిన ఫ్రాకు ఫోటో. "చాలా బాగుందమ్మా మీ పని. కానీ ఇది ఇప్పటికే రోడ్డున పడింది. పైగా దీని మీద చెడ్డపేరు. మేమేం చేసుకుంటాం?" అని మర్యాదగానే పంపించేసిందట.

మర్నాడు ఆమె వీధిలోకి వస్తూండగానే దారాలక్క చూసింది. గుమ్మం ఎక్కేలోపే గొంతెత్తింది.

"చూశావుటే దరిద్రం! ఏ దొంగవెధవ చేశాడో గానీ వాడి చేతులు పడిపోనూ! ఈ రోజుల్లో దేన్ని దాచగలం?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడానికి కూడా ముందు ఎవరో అడగాలి. ఈమె అడక్కముందే తడుముకుంది. తోటికోడలు ముక్కాలిపీట మీద కూర్చుని, బ్యాగులోంచి రెండు గుడ్డలు తీసి పరిచింది. ఒకటి కంపెనీకని చేతితో కుట్టుకున్నది, నున్నగా ఉంది. రెండోది ఎవరో పాడుచేసుకున్న ఫ్రాకు ముక్క.

"సరిచేసింది నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదక్కా. ఈ చిరిగేది ఒక్క చోటే ఉంది."

మిషను వైపు చూడలేదు. చూసే అవసరం లేదు.

దారాలక్క ఒక్కోటీ బయటపెట్టింది. పరదాలావిడ కష్టం చెప్పింది, మొగుడి మంచం చెప్పింది, ఒట్టు సంగతి చెప్పింది. ఎదుటి మనిషి ఏమీ అనకుండా వింటుంటే ఇంకా బెంబేలెత్తింది. బెంబేలెత్తితే మనిషికి కోపం వస్తుంది. "ఏమే, మహా పతివ్రతలా మాట్లాడతావు! నువ్వు గీసే ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం డబ్బులు పెట్టి కొన్నావా? మీ ఆయన ఎవరి దగ్గరో ఎక్కించుకొచ్చాడని నువ్వే చెప్పావు!"

"అవునక్కా. మొదట దొంగదే. నా డిజైను మొదటిసారి అమ్ముడుపోయాక కొన్నాను. అప్పటిదాకా నాకూ అందులో తప్పు కనపడలేదు," అంది తోటికోడలు. "పరదాలావిడ ఏడిస్తే నాకూ జాలేస్తుంది. నువ్వే కుట్టిచ్చి ఉండాల్సింది. నీ మిషను ఒక్క పూట ఆపలేకపోయావు. నా ఏడాది ఇచ్చేశావు."

అరిచి ఉంటే దారాలక్క కూడా అరిచేది, ఇద్దరూ ఏడ్చేవారు, సాయంత్రానికి ఏదో ఒకటి తేలేది. ఆమె అరవలేదు. గుడ్డలు మడతపెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట దారాలక్క ఒంట్లో ముల్లులా దిగబడింది. ఒక్కర్తే కూర్చుని వెనక్కి తిరిగి చూసుకుంది. వీధికి ఇన్ని పంచింది కదా, అందులో తనదేమైనా ఉందా? దిండుగలీబులాయన జరీ దారం ఒక్క కండె అప్పు అడిగితే కొట్టు తెరిచే ఉంది వెళ్ళి కొనుక్కోమంది. మాస్టారు ఫ్రేము ఒక పూట అడిగితే వంగిపోతుందని ఇవ్వలేదు. ఎముక లేనిది తన చేతికి కాదు. ఇన్నాళ్ళూ తోటికోడలి చెయ్యి పట్టుకుని ఊరికి దానం చేసింది. ఆ నిజం తెలిసిన మధ్యాహ్నం ఆమె అన్నం తినలేకపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం చూడాలంటే ఆ నెల దారాలక్కని చూడాల్సింది. ముందు కంపెనీకి వెళ్ళింది. తప్పు నాది, ఆ పిల్లది కాదు అని చెప్పుకుంది. పెద్దావిడ మంచినీళ్ళిచ్చి, ఓపిగ్గా విని, "ఎవరి తప్పన్నది మాకెందుకమ్మా? ఇప్పుడది అందరిదీ అయిపోయింది" అంది. తర్వాత కొట్టు కొట్టుకీ తిరిగి ఆ డిజైను చెరిపెయ్యమని బతిమాలింది. కొందరు నవ్వులాట అనుకున్నారు. మాస్టారు తల మీద చెయ్యి పెట్టుకుని మరీ, "ఎప్పుడో చెరిపేశానక్కా" అన్నాడు. నాలుగురోజుల తర్వాత ఆయన కొట్టు ముందు తాడు మీద ఆరేసిన ఫ్రాకుల నిండా పిట్టలే. ఎవరో తెలివైనవాడు ఆ మూడు కొమ్మల ముక్కా కత్తిరించి పారేశాడట, ఇప్పుడు గుడ్డ చిరగడం లేదట. అలిగి వెనక్కి తిరిగి కూర్చున్న పిట్ట ఆ ముక్కతోపాటే పోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. దాటినదాన్ని వెనక్కి పిలిచే మంత్రం ఏ పెద్దలూ చెప్పిపోలేదు.

పరదాలావిడకి లాడ్జి ఆర్డరు రాలేదు. చూపించిన పరదా మధ్యలో చిరుగు పడింది.

తోటికోడలు ఒక ఆసుపత్రిలో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. గాజు అద్దం వెనక కూర్చుని, పేరు, వయసు, ఏ డాక్టరు అని అడుగుతుంది. దారాలక్క ఒకసారి మోకాలి నొప్పి వంకతో వెళ్ళి, దూరంగా బెంచీ మీద కూర్చుని ఆమెను చూసింది. ఆ వేళ్ళు అంకెల మీద చకచకా నడుస్తుంటే చూడలేక, వరసలో తన వంతు రాకముందే లేచి వచ్చేసింది.

వీధిలో ఇప్పుడు ఎవరు డిజైను అడిగినా లేదనేస్తోంది. "కంప్యూటరమ్మ గాలి సోకింది" అని వెనకాల అనుకుంటున్నారు. ఆ మాట చెవిన పడితే ఆమెకు బాధ లేదు. తోటికోడలి పేరు పక్కన తన పేరూ పడిందని కొంచెం ఊరట కూడా.

మాటలు మాత్రం ఆగిపోలేదు. అదే ఇంకా కష్టం. తోటికోడలు ఎక్కడ కనపడినా "బాగున్నావా అక్కా" అనేది, బావగారి డ్యూటీ అడిగేది, మోకాలికి మందు పేరు చెప్పేది. ఏ ఒక్క మర్యాదా తగ్గలేదు.

అత్తగారికి నలతగా ఉందంటే ఒక ఆదివారం దారాలక్క వాళ్ళింటికి వెళ్ళింది. భోజనాలయ్యాక ఇద్దరూ గిన్నెలు కడుగుతుంటే, తుడిచిన పళ్ళెం పెట్టడానికి అలమర తలుపు తీసింది. పై అరలో ఒక దుప్పటి ముక్క మడతపెట్టి ఉంది. అంచున కుట్టు కనపడుతోంది. రెల్లుగడ్డి, మధ్యలో ఒక కప్ప. కొత్తది. ఎప్పుడూ చూడనిది. దారాలక్కకి ప్రాణం లేచొచ్చింది.

"మళ్ళీ గీస్తున్నావా చెల్లీ?"

"సెలవురోజుల్లో. ఊరికే."

"మరి ఇదెక్కడ కుట్టించావు?"

తోటికోడలు కుళాయి కట్టేసింది. "బస్టాండు వెనక ఒకాయన ఉన్నాడక్కా. అక్కడ."

"అంత దూరమా? నేను లేనూ? నా దగ్గరికి తేవే. నేను ముట్టుకోను. నువ్వే పక్కన కూర్చో, నువ్వే పెట్టుకో, నువ్వే తీసుకెళ్ళు." చెబుతుంటే తన గొంతు పరదాలావిడ గొంతులా ఉందని ఆమెకే తెలిసింది.

"వద్దులే అక్కా." తోటికోడలి మాటలో కోపం లేదు. "ఆయన పరాయివాడు. డబ్బులు తీసుకుంటాడు. నా ముందే చెరిపెయ్యండి అంటే చెరిపేస్తాడు, ఏమీ అనుకోడు. నీకు ఆ మాట నేను ఎప్పటికీ చెప్పలేను."

దారాలక్క చేతిలో పళ్ళెం అలాగే ఉంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బాగా కుడతాడా?" అంది.

తోటికోడలు తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంది. అబద్ధం చెప్పడం ఆ మనిషికి మొదటినుంచీ రాదు.

"నీ అంత బాగా కాదక్కా," అంది.

ఆ మాటకి దారాలక్క పళ్ళెం గట్టు మీద పెట్టి, తడిచేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. తోటికోడలు తుండుగుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చి, మిగిలిన గిన్నెలు కడిగింది.